ఆతిథేయ ప్రోగ్రామునందు రన్‌టైము: లైబ్రరీల చోటును నిర్దేశించు విధానము

విషయ ప్రవేశము

ప్రాంతాంతరములందు స్థిరపడిన తెలుగువారి చరిత్రను, భాషను, ఆచారములను గూర్చిన వ్యాసములతో కూడిన సంచికలో కంప్యూటరు ప్రోగ్రాములను గూర్చిన వ్యాసమునకు చోటేమిటని పాఠకులు కొందరు ప్రశ్నింపవచ్చును. దీనికి సమాధానము క్లుప్తమైనది. బెంగుళూరు, హోసూరు, చెన్నపట్టణము, పుణె మున్నగు నగరములలో మన ఇండ్లలో పుట్టి పెరిగిన యువజనులు పెక్కుమంది నేడు ఈ విద్యతోనే జీవనము గడపుచున్నారు. దానిని వారు ఆంగ్లమున నేర్చి, ఆంగ్లమున ఆచరించి, సందేహము కలిగినపుడు ఆంగ్లముననే సమాధానము వెదకుకొనుచున్నారు. తాతల వృత్తులకు, అనగా నేతకు, సేద్యమునకు, వర్తకమునకు తెలుగున కావలసినన్ని మాటలుండెను. మనుమల వృత్తిని గూర్చి తెలుగున నాలుగు పుటలైనను లేకుండుట మంచిది కాదు. ఆ లోటును కొంతవరకైన తీర్చుటకై, ఈ వృత్తియందు తరచుగా తటస్థించు ఒక చిక్కును గ్రహించి, దాని మూలమును, పరిహారమును మొదటినుండి వివరించుటకు యత్నించెదను.

ఒక మనవి. ఈ వ్యాసమున ఫంక్షనుల పేరులను, ఫైళ్ల పేరులను తెలుగు లిపిలోనే వ్రాసితిని. ప్రోగ్రాములో వానిని ఆంగ్లాక్షరములతోనే వ్రాయవలెనని వేరుగ చెప్పనక్కరలేదు.

మూడు యంత్రముల వృత్తాంతము

కొన్ని సంవత్సరముల క్రిందట నేను పనిచేయుచుండిన ఒక చిన్న సంస్థలో వర్తకులకు ఉపయోగించునట్టి బిల్లుల ప్రోగ్రామునొకదానిని తయారుచేసితిమి. దాని ప్రధాన భాగము సీ ప్లస్ ప్లస్ భాషలో నుండెను. పన్నులను, తగ్గింపులను లెక్కకట్టు నియమములు మాటిమాటికి మారునవి గనుక వానిని సీ షార్ప్ భాషలో వ్రాసి, వానిని నడపుటకు మోనో అను రన్‌టైమును ప్రధాన ప్రోగ్రాములోనే పొదిగితిమి. మా కార్యాలయమందలి లినక్స్ యంత్రములపై అది ఏ లోపమును లేకుండ నడచెను. పిదప దానిని ఒక వర్తకుని మూడు దుకాణములలో, మూడు యంత్రములపై స్థాపించితిమి.

మొదటి యంత్రమున ప్రోగ్రాము తెరచుకొనకయే ఆగిపోయెను. ఎమ్‌ఎస్‌కోర్‌లిబ్ అను ఫైలు దొరకలేదనియు, అది యుఎస్‌ఆర్/లిబ్/మోనో/4.5 అను ఫోల్డరులో ఉండవలసినదనియు సందేశము వచ్చెను. ఆ ఫోల్డరు మా కార్యాలయమున కలదు, ఆ దుకాణమున లేదు. రెండవ యంత్రమున ఫైలు దొరికెను గాని, అది వేరొక ప్రోగ్రాముకొరకు ఎవరో స్థాపించిన పాత మోనోకు చెందినది. రన్‌టైమునకును మూల లైబ్రరీకిని వెర్షను పొసగలేదని తెలిపి అచటను ప్రోగ్రాము ఆగెను. మూడవ యంత్రమున మాత్రము ప్రోగ్రాము తెరచుకొనెను, బిల్లులు వెలువడెను. మేమును సంతోషించితిమి. రెండు దినముల పిమ్మట, బిల్లులలో పన్ను పాత రేటున పడుచున్నదని వర్తకుడు ఫోను చేసెను.

విచారింపగా కారణము తెలిసెను. అంతకు కొన్ని నెలల ముందు పరీక్షార్థము మేమే ఆ యంత్రముపై మోనో_పాత్ అను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను ఏర్పరచియుంటిమి. దానిని తొలగించుట మరచితిమి. అది మా పాత లెక్కల లైబ్రరీ యున్న ఫోల్డరును చూపుచుండెను. క్రొత్త లైబ్రరీ ప్రోగ్రాము ప్రక్కనే ఉన్నను రన్‌టైము దానివంక చూడనైన చూడలేదు.

ఆగిపోయిన రెండు యంత్రములు మాకు సిగ్గును మాత్రమే కలిగించినవి. నడచిన యంత్రము వర్తకునకు నష్టము కలిగించినది. లైబ్రరీ దొరకకుండుట చిన్న దోషము, తప్పు లైబ్రరీ దొరకుట పెద్ద దోషము అను సంగతిని ఆ దినమున నేర్చుకొంటిని. ఈ మూడు వైఫల్యములకును మూలమొక్కటియే. తన లైబ్రరీలు ఎచ్చట నున్నవో రన్‌టైమునకు మేము చెప్పలేదు. అది తనకు తోచినచోట వెదకుకొనెను.

పదముల వివరణ

సీ, సీ ప్లస్ ప్లస్ వంటి భాషలలో వ్రాసిన ప్రోగ్రాము కంపైల్ చేయబడినపుడు నేరుగా ఆ యంత్రపు ప్రాసెసరు గ్రహింపగల ఆదేశములుగా మారును. దీనిని నేటివ్ ప్రోగ్రాము అందురు. సీ షార్ప్, జావా వంటి భాషలలో వ్రాసినది అట్లు కాక ఒక మధ్యమ రూపమును పొందును. ఆ మధ్యమ రూపమును నడచు సమయమున యంత్రాదేశములుగా మార్చుట, వాడిన మెమరీని తిరిగి స్వాధీనము చేసికొనుట, రకముల నియమములు తప్పకుండ కాపాడుట మున్నగు పనులన్నియు వేరొక ప్రోగ్రాము నిర్వహించును. అదియే రన్‌టైము. ఇట్లు రన్‌టైము నిర్వహణలో నడచు ప్రోగ్రామును మేనేజ్డ్ ప్రోగ్రామందురు.

సాధారణముగా రన్‌టైమే యజమాని. దానిని మొదట పిలిచి, అది నడుపవలసిన ప్రోగ్రామును దానికి అప్పగింతుము. కొన్ని సందర్భములలో ఈ సంబంధము తలక్రిందులగును. నేటివ్ ప్రోగ్రాము ముందుగా ఆరంభమై, తన అవసరముకొరకు రన్‌టైమును తనలోనికి ఆహ్వానించును. దీనిని ఎంబెడింగ్ లేక హోస్టింగ్ అందురు. మారని భాగమును వేగముగా నడచు భాషలో వ్రాసి, తరచుగా మారు భాగమును సులభమైన భాషకు వదలుట దీని ప్రయోజనము. 2005లో వెలువడిన యూనిటీ అను ఆటల ఇంజను ఆట వ్రాయువారి సీ షార్ప్ లిపులను నడపుటకు మోనోను ఇట్లే లోపల నిలుపుకొనినది. ఈ వ్యాసమున నేటివ్ ప్రోగ్రామును ఆతిథేయియనియు, రన్‌టైమును అతిథియనియు వ్యవహరింతును.

మోనో యొక్క పుట్టుపూర్వోత్తరములు రెండు మాటలలో చెప్పవచ్చును. మైక్రోసాఫ్ట్ వారి డాట్‌నెట్ వ్యవస్థను లినక్స్ మున్నగు ఇతర వ్యవస్థలపైకి తెచ్చుటకై మిగెల్ డి ఇకాజా నాయకత్వమున 2001లో ఈ ప్రయత్నము ప్రకటింపబడెను. 2004 జూన్‌లో దాని 1.0 వెర్షను వెలువడెను. 2024 ఆగస్టులో మోనో ప్రాజెక్టు నిర్వహణ వైన్ సంస్థకు అప్పగింపబడినది.

ఇచట అసెంబ్లీ అను మాటను గూర్చి ఒక హెచ్చరిక. డాట్‌నెట్ పరిభాషలో అసెంబ్లీ యనగా శాసనసభయు కాదు, ప్రాసెసరునకు సమీపమైన అసెంబ్లీ భాషయు కాదు. మధ్యమ రూపమందున్న మేనేజ్డ్ లైబ్రరీ ఫైలునకు అది పేరు. అన్ని అసెంబ్లీలకును ఆధారమైనది ఎమ్‌ఎస్‌కోర్‌లిబ్. అక్షరమాలికలు, సంఖ్యలు, పట్టికలు మున్నగు ప్రాథమిక రకములన్నియు అందే కలవు. అది లేనిదే రన్‌టైము ఒక్క అడుగైనను ముందుకు వేయజాలదు.

రన్‌టైము తన ఇంటిని ఊహించు తీరు

మోనోను కంపైల్ చేయునపుడు దానిని ఏ ఫోల్డరు క్రింద స్థాపింపనున్నారో ముందుగా చెప్పుదురు. ఆ స్థానము రన్‌టైము లోపల వ్రాయబడిపోవును. ఊరు విడిచి నాలుగు తరములైనను పూర్వపు గ్రామము పేరునే ఇంటిపేరుగా చెప్పుకొనువారి వలె, రన్‌టైము ఎచటికి పోయినను తన పుట్టినచోటి చిరునామాను మరువదు.

ఇదిగాక దానికొక ఊహాశక్తియు కలదు. లినక్స్‌పై అది నడచుచున్న ప్రోగ్రాము ఫైలు ఎచట నున్నదో విచారించును. ఆ ఫైలు బిన్ అను ఫోల్డరులో ఉన్నయెడల, ఆ బిన్ ప్రక్కన లిబ్, ఇటిసి అను ఫోల్డరులు ఉండునని తలచి, అచట తన లైబ్రరీల కొరకు చూచును. అట్లు దొరకనిచో పుట్టినచోటి చిరునామాకు మరలును. మోనో స్వయముగా నడచునపుడు ఈ ఊహ సరిపోవును. ఏలయన నడచుచున్న ప్రోగ్రాము మోనోయే. పరాశ్రయమున ఉన్నపుడు నడచుచున్న ప్రోగ్రాము ఆతిథేయి. దాని ఫైలు బిన్‌లో ఉండవలెనను నియమము లేదు, ఉన్నను దాని ప్రక్కన మోనో లైబ్రరీలు ఉండవలెనను నియమమును లేదు. ఊహ తప్పును, పాత చిరునామా మిగులును. మా మొదటి యంత్రమున ఆ చిరునామాలో ఎవరును లేరు. రెండవ యంత్రమున అచట వేరెవరో కాపురముండిరి.

కాబట్టి ఆతిథేయి మొదటి ధర్మము అతిథికి స్థానమును స్పష్టముగా చెప్పుట. చెప్పవలసిన స్థానము ఒక్కటి కాదు, మూడు. రన్‌టైము మూడు విధముల వస్తువులను మూడు వేర్వేరు నియమములతో వెదకును. ఒకదాని చోటు చెప్పినంత మాత్రమున మిగిలిన రెండింటి చోటు దానికి తెలియదు. ఈ విషయమున భ్రమపడుటయే పెక్కు చిక్కులకు కారణము.

మొదటి వెదకులాట: మూల లైబ్రరీలు, కాన్ఫిగరేషను ఫైళ్లు

వీని కొరకు ఏర్పడినది మోనో_సెట్_డిర్స్ అను ఫంక్షన్. దానికి రెండు ఫోల్డరులను ఇయ్యవలెను. మొదటిది లైబ్రరీల ఫోల్డరు, రెండవది కాన్ఫిగరేషను ఫోల్డరు. మొదటిదానిక్రింద మోనో/4.5 అను ఉపఫోల్డరులో ఎమ్‌ఎస్‌కోర్‌లిబ్ ఉండునని రన్‌టైము భావించును. రెండవదాని క్రింద మోనో అను ఉపఫోల్డరులో కాన్ఫిగ్ అను ఫైలును, దానిలోని 4.5 అను ఫోల్డరులో మెషీన్.కాన్ఫిగ్ అను ఫైలును ఉండునని భావించును.

ఇచట క్రొత్తవారు తరచుగా పొరబడుదురు. ఎమ్‌ఎస్‌కోర్‌లిబ్ ఉన్న ఫోల్డరునే మొదటి స్థానమున ఇత్తురు. అపుడు రన్‌టైము దానిక్రింద మరల మోనో/4.5ను వెదకి, కానక ఆగిపోవును. ఇయ్యవలసినది ఇంటి గుమ్మమును గాని లోపలి గదిని కాదు. అట్లే రెండు స్థానములలో శూన్యమును ఇచ్చినచో రన్‌టైము పుట్టినచోటి చిరునామానే గ్రహించును. అనగా చెప్పియు చెప్పనట్లే యగును.

మూల లైబ్రరీలు రన్‌టైముతో కలిసి ఒకే వెర్షనువై యుండవలెను. ఎమ్‌ఎస్‌కోర్‌లిబ్ లోపల ఒక సంఖ్య వ్రాయబడియుండును. రన్‌టైము తాననుకొనిన సంఖ్యతో దానిని సరిచూచి, భేదమున్నచో నడచుటకు నిరాకరించును. మా రెండవ యంత్రమున జరిగినది ఇదియే. కాబట్టి రన్‌టైమును వెంట తీసికొనిపోవువారు దాని మూల లైబ్రరీలనుకూడ వెంట తీసికొనిపోవలెను. ఒకటి మన మూటలోనిది, మరియొకటి ఊరివారిది అయినచో పొసగదు.

రెండవ వెదకులాట: ప్రోగ్రాము సొంత అసెంబ్లీలు

మనము వ్రాసిన అసెంబ్లీలు, వాని ఆధారములైన ఇతర అసెంబ్లీలు ఈ తరగతికి చెందినవి. వీనికి సహజస్థానము ప్రధాన అసెంబ్లీ ప్రక్కననే. మోనో_డొమైన్_అసెంబ్లీ_ఓపెన్ అను ఫంక్షన్‌తో ప్రధాన అసెంబ్లీని తెరచి, మోనో_జిట్_ఎగ్జెక్ అను ఫంక్షన్‌తో దానిని నడపినచో, ఆ అసెంబ్లీ యున్న ఫోల్డరే మూలస్థానముగా గ్రహింపబడును. ఇట్లు మొదలునుండి నడపక, అవసరమైనపుడు ఒక్కొక్క మెథడ్‌ను మాత్రమే పిలుచు ఆతిథేయి మోనో_డొమైన్_సెట్_కాన్ఫిగ్ అను ఫంక్షన్‌తో మూలస్థానమును, ప్రోగ్రాము కాన్ఫిగ్ ఫైలు పేరును తానే తెలుపుట మేలు. తెలుపనియెడల కాన్ఫిగరేషను చదువు భాగములు నడుమ విఫలమగును.

అసెంబ్లీలు పలుచోట్ల నున్నయెడల మోనో_సెట్_అసెంబ్లీస్_పాత్ అను ఫంక్షన్‌కు ఆ ఫోల్డరుల వరుసను ఇయ్యవచ్చును. లినక్స్‌పై ఫోల్డరుల నడుమ కోలన్, విండోస్‌పై సెమికోలన్ ఉంచవలెను. ఈ ఫంక్షన్ చేయు పనినే బయటినుండి మోనో_పాత్ అను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చేయును. ఆతిథేయి ఏమియు చెప్పని పక్షమున రన్‌టైము ఆ వేరియబుల్‌ను చదువును. అందు పేర్కొనిన ఫోల్డరులలోను అసెంబ్లీలను వెదకును. ఎమ్‌ఎస్‌కోర్‌లిబ్‌ను సైతము మొదట అచటనే వెదకును. అంతియే కాదు. బలమైన పేరు, అనగా సంతకము లేని అసెంబ్లీ విషయమున పేరు సరిపోయినచో చాలును, వెర్షను సరిచూడబడదు. మా మూడవ యంత్రమున పాత లెక్కల లైబ్రరీ నిరాటంకముగా లోనికి వచ్చుటకు కారణమిదియే.

మోనో రచయితలే తమ పుస్తకమున ఈ వేరియబుల్ పరీక్షలకు మాత్రమే అనుకూలమనియు, వాడుకలోనున్న ప్రోగ్రాములకు దీనిని ఉపయోగింపరాదనియు హెచ్చరించియున్నారు. దానియందు అసంపూర్ణమైన పాత్ ఇచ్చినయెడల అది ప్రోగ్రామును ఏ ఫోల్డరునుండి ప్రారంభించితిమో ఆ ఫోల్డరును బట్టి మారును. నేడొకచోట, రేపొకచోట చూచు కన్నును నమ్మి లెక్కలు వ్రాయుట తగదు. బయటి వేరియబుల్ ప్రమేయము లేకుండ చేయదలచిన ఆతిథేయి, రన్‌టైమును ప్రారంభించుటకు ముందే తన పర్యావరణమునుండి దానిని తొలగించుట సులభమైన రక్షణ.

మూడవ వెదకులాట: నేటివ్ లైబ్రరీలు

మేనేజ్డ్ ప్రోగ్రాము కొన్ని పనులకు తిరిగి నేటివ్ లైబ్రరీలను ఆశ్రయించును. బొమ్మలు గీయుట, ఫైళ్ల హక్కులు చూచుట వంటివి దీనికి ఉదాహరణములు. సీ షార్ప్‌లో డిఎల్ఎల్_ఇంపోర్ట్ అను గుర్తుతో ఆ లైబ్రరీ పేరు వ్రాయుదురు. విండోస్‌పై వాడు పేరు లినక్స్‌పై ఉండదు గనుక మోనోలో డిఎల్ఎల్‌మ్యాప్ అను పట్టిక కలదు. ఫలానా పేరు అడిగినపుడు ఫలానా ఫైలును తెరువుమని అది చెప్పును. బొమ్మల కొరకు జిడిఐప్లస్ అను పేరు అడుగగా లిబ్‌జిడిఐప్లస్ అను లినక్స్ ఫైలు తెరువబడుట ఈ పట్టిక వలననే.

ఈ పట్టిక కాన్ఫిగ్ ఫైలులో ఉండును. మోనో స్వయముగా నడచునపుడు దానిని తానే చదువుకొనును. పరాశ్రయమున నున్నపుడు మోనో_కాన్ఫిగ్_పార్స్ అను ఫంక్షన్‌ను ఆతిథేయి పిలువవలెను. దానికి శూన్యమును ఇచ్చినచో నియత స్థానమందలి ఫైలు చదువబడును. పిలువకున్నచో పట్టిక ఉండియు లేనట్లే. లెక్కలన్నియు చక్కగా నడచి, ఒక బొమ్మను గీయబోయినపుడు మాత్రము ప్రోగ్రాము కూలిపోవుట కనిపించినచో మొదట ఈ ఫంక్షన్‌ను పిలిచితిమా యని చూడవలెను.

పట్టిక పేరును మాత్రమే మార్చును. ఆ పేరుగల ఫైలును కనుగొనుట ఆపరేటింగ్ సిస్టము లోడరు పని. దానికి తన నియమములు కలవు. లినక్స్‌పై అది ఎల్‌డి_లైబ్రరీ_పాత్ అను వేరియబుల్‌ను, ప్రోగ్రాము ఫైలులో వ్రాయబడిన రన్‌పాత్ అను స్థానమును, యంత్రమందలి లైబ్రరీల పట్టికను, తుదకు నియత ఫోల్డరులను వరుసగా చూచును. ఇచట రెండు సూక్ష్మములు గమనింపదగియున్నవి. ఒకటి, లోడరు ఆ వేరియబుల్‌ను ప్రోగ్రాము ఆరంభమున ఒక్కమారే చదువును. ఆతిథేయి తాను నడచుచుండగా దానిని మార్చినను ఫలితముండదు. రెండు, రన్‌పాత్ ఆ ఫైలు నేరుగా కోరిన లైబ్రరీలకే వర్తించును. ఆ లైబ్రరీలు కోరిన లైబ్రరీలకు వర్తింపదు. కావున ప్రతి లైబ్రరీని దాని రన్‌పాత్‌తోనే కంపైల్ చేయవలెను. రన్‌పాత్‌లో డాలరు గుర్తుతో ఆరిజిన్ అని వ్రాసినచో, ఆ ఫైలు ఎచట నున్నదో ఆ ఫోల్డరు అని అర్థము. మూటను ఎచటికి మోసికొనిపోయినను ఇది చెడదు.

కోరిన ఫంక్షన్ వేరొక లైబ్రరీలో కాక ఆతిథేయి లోపలనే ఉన్నయెడల, లైబ్రరీ పేరునకు బదులు రెండు అడుగుగీతల పిమ్మట ఇంటర్నల్ అని వ్రాయవలెను. అపుడు రన్‌టైము బయటికి పోక ఆతిథేయిలోనే వెదకును. ఇందుకు ఆతిథేయిని లింక్ చేయునపుడు ఆర్‌డైనమిక్ అను ఎంపికతో దాని పేరులను బహిర్గతము చేసియుండవలెను.

క్రమము, పరీక్ష

ఈ మాటలన్నియు సమయమునకు చెప్పినపుడే సార్థకములు. రన్‌టైమును ప్రారంభించు ఫంక్షన్ మోనో_జిట్_ఇనిట్. స్థానములన్నియు దానికి ముందే తెలుపవలెను. అది ప్రారంభమైన వెంటనే ఎమ్‌ఎస్‌కోర్‌లిబ్‌ను వెదకును గనుక పిదప చెప్పినది చెవిటివాని ముందు ఊదిన శంఖమగును. పొరబడితిమని దానిని ముగించి, అదే ప్రోగ్రాములో రెండవమారు ప్రారంభింపవచ్చునా యన్న, మోనో అందులకు సమ్మతింపదు. కావున అనుసరింపవలసిన క్రమమిది:

ఒకటి, ఆతిథేయి తన ఫైలు ఎచట నున్నదో కనుగొనవలెను. లినక్స్‌పై ప్రోక్/సెల్ఫ్/ఎక్సి అను లింకు, విండోస్‌పై గెట్‌మాడ్యూల్‌ఫైల్‌నేమ్ అను ఫంక్షన్ ఇందుకు తోడ్పడును.

రెండు, ఆ స్థానమునుండి లిబ్, ఇటిసి ఫోల్డరులకు పూర్తి పాత్‌లను కూర్చుకొనవలెను. ప్రస్తుత ఫోల్డరును ఆధారముగా గ్రహింపరాదు.

మూడు, మోనో_పాత్ వేరియబుల్‌ను తొలగించి, మోనో_సెట్_డిర్స్‌ను, అవసరమైనచో మోనో_సెట్_అసెంబ్లీస్_పాత్‌ను పిలువవలెను.

నాలుగు, మోనో_కాన్ఫిగ్_పార్స్‌ను పిలువవలెను.

ఐదు, అటుపిమ్మటనే మోనో_జిట్_ఇనిట్‌ను పిలిచి, ప్రధాన అసెంబ్లీని పూర్తి పాత్‌తో తెరువవలెను.

ప్రస్తుత ఫోల్డరును నమ్మరాదనుటకు భద్రతయు ఒక కారణము. ఇతరులు వ్రాయగల ఫోల్డరునుండి ప్రోగ్రామును ప్రారంభింపజేసి, అదే పేరుతో దుష్టమైన లైబ్రరీని అచట ఉంచినయెడల, ప్రోగ్రాము తన హక్కులన్నిటిని దానికి అప్పగించును. విండోస్‌పై ఇట్టి దోషము అనేక ప్రోగ్రాములలో ఉన్నదని గుర్తించి, మైక్రోసాఫ్ట్ వారు 2010 ఆగస్టులో ప్రత్యేకముగా ఒక భద్రతా హెచ్చరికను వెలువరించిరి.

వెదకులాట ఎట్లు సాగుచున్నదో కన్నులార చూచుటకును మార్గము కలదు. మోనో_లాగ్_లెవెల్ అను వేరియబుల్‌కు డీబగ్ అనియు, మోనో_లాగ్_మాస్క్ అను వేరియబుల్‌కు ఏఎస్ఎమ్, డిఎల్ఎల్, సిఎఫ్‌జి అనియు విలువలిచ్చి ప్రోగ్రామును నడపినచో, అసెంబ్లీలను, నేటివ్ లైబ్రరీలను, కాన్ఫిగ్ ఫైళ్లను రన్‌టైము ఏయే చోట్ల చూచినదో, ఏది దొరికినదో వరుసగా వ్రాసి చూపును. ప్రోగ్రాము ఆగినపుడే గాక, చక్కగా నడచినపుడును ఈ వ్రాతను ఒకమారు చదువుట అవసరము. మేము మూడవ యంత్రమున ఆ పని చేసియున్నచో తప్పుడు బిల్లు ఒక్కటైనను వెలువడియుండెడిది కాదు.

పరీక్షను మోనో లేని యంత్రముపై ఒకమారు, వేరొక వెర్షను మోనో యున్న యంత్రముపై ఒకమారు, మోనో_పాత్‌ను కావలెనని తప్పుగా ఏర్పరచి ఒకమారు, ప్రోగ్రాము ఫోల్డరు పేరు మార్చి ఒకమారు చేయవలెను. తయారుచేసిన యంత్రముపైననే పరీక్షించుట, ఇంటివారినే సాక్షులుగా పిలుచుట వంటిది.

ఇతర రన్‌టైములు

ఈ సూత్రము మోనోకు మాత్రమే పరిమితము కాదు. మైక్రోసాఫ్ట్ వారు 2016లో వెలువరించిన డాట్‌నెట్ కోర్ ఇదే ప్రశ్నకు వేరొక సమాధానమును ఇచ్చినది. రన్‌టైమును నేరుగా ప్రారంభించు కోర్‌సిఎల్ఆర్_ఇనిషియలైజ్ అను ఫంక్షన్‌కు ట్రస్టెడ్_ప్లాట్‌ఫారమ్_అసెంబ్లీస్ అను జాబితాను ఇయ్యవలెను. అందు ఫోల్డరులు కాక ఒక్కొక్క అసెంబ్లీ ఫైలునకు పూర్తి పాత్ ఉండవలెను. నేటివ్ లైబ్రరీల ఫోల్డరులకు నేటివ్_డిఎల్ఎల్_సెర్చ్_డైరెక్టరీస్ అను వేరు జాబితా కలదు. ఇంతటి శ్రమ వలదనుకొనువారికి 2019లో వచ్చిన 3.0 వెర్షను నెట్‌హోస్ట్ అను చిన్న లైబ్రరీని ఇచ్చినది. అది హోస్ట్‌ఎఫ్‌ఎక్స్‌ఆర్ అను భాగమును కనిపెట్టి ఇచ్చును. ఆ భాగము రన్‌టైమ్‌కాన్ఫిగ్ ఫైలును చదివి, తగిన వెర్షనును ఎన్నుకొనును. డిఎల్ఎల్‌మ్యాప్ పట్టిక ఈ వ్యవస్థలో లేదు. దానికి బదులు నేటివ్ లైబ్రరీ పేరు అడిగినపుడు ఏది తెరువవలెనో నిర్ణయించు ఫంక్షన్‌ను మనమే వ్రాసి అప్పగింపవచ్చును.

జావా రన్‌టైమును పొదుగువారు జెఎన్ఐ_క్రియేట్‌జావావిఎమ్ అను ఫంక్షన్‌ను పిలుతురు. జావా అను ఆజ్ఞకు ఇచ్చు సిపి అను ఎంపిక ఇచట చెల్లదు. జావా.క్లాస్.పాత్ అను ప్రాపర్టీనే ఇయ్యవలెను. ఫోల్డరులోని ఫైళ్లన్నిటిని సూచించు నక్షత్రపు గుర్తును విడదీయునది జావా ఆజ్ఞయే గాని రన్‌టైము కాదు. అందుచే పొదిగినపుడు ఆ గుర్తు పనిచేయదు. నేటివ్ లైబ్రరీలకు జావా.లైబ్రరీ.పాత్ వేరుగ కలదు. దానిని నడుమ మార్చినను ఫలితము లేదు. పేరులు వేరైనను ఇచటను మేనేజ్డ్ లైబ్రరీలకు ఒక మార్గము, నేటివ్ లైబ్రరీలకు మరియొక మార్గము, రెండింటిని ప్రారంభమునకు ముందే చెప్పవలెనను నియమము కనిపించుచున్నవి.

ఉపసంహారము

స్వయముగా నడచునపుడు రన్‌టైము చేయు ఊహలు దాని సొంత ఇంటికి తగినవి. పరాశ్రయమున అవి చెల్లవు. కావున ఆతిథేయి మూల లైబ్రరీల చోటును, సొంత అసెంబ్లీల చోటును, నేటివ్ లైబ్రరీల చోటును వేరువేరుగా, పూర్తి పాత్‌లతో, ప్రారంభమునకు ముందే నిర్దేశింపవలెను. ఆ పాత్‌లను తానున్న స్థానమునుండియే కట్టుకొనవలెను. బయటి వేరియబుల్‌కు, ప్రస్తుత ఫోల్డరునకు, పుట్టినచోటి చిరునామాకు నిర్ణయాధికారమును వదలరాదు.

మేము ఈ క్రమమును అనుసరించి ప్రోగ్రామును సరిచేసిన పిమ్మట మూడు యంత్రములును ఒకే లెక్కను చెప్పినవి. తప్పుగా పడిన బిల్లులను మాత్రము ఒక్కొక్కటిగా తిరిగి వ్రాసి, కొనినవారి ఇండ్లకు పోయి తేడాను సరిచేయవలసివచ్చెను. ఆ తిరుగుడు మాకు నేర్పిన పాఠమును, అంతటి తిరుగుడు అవసరము లేకుండనే మన యువజనులు గ్రహింతురేని ఈ వ్యాసమునకు ప్రయోజనము చేకూరినట్లే.